దీర్ఘం లేని మెసేజి

నేను తెలుగు టీచర్ని. రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో మా హైస్కూలు. ఏళ్ళ తరబడి పిల్లల చేత గుణింతాలు దిద్దించి దిద్దించి, ఎక్కడైనా ఒక దీర్ఘం ఎగిరిపోతే నా కన్ను తిన్నగా అక్కడికే పోతుంది. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పులు చూస్తాను. బజార్లో బోర్డులు చదువుకుంటూ, సణుక్కుంటూ నడుస్తాను. "ఆ బోర్డు రాసినవాడు నీ స్టూడెంటు కాదు, వదిలెయ్" అంటారు మావారు. వదలలేను. అది నా జబ్బు.

ఇలాంటిదానికి ఈ ఫోన్ల కాలం ఎంత చిరాకో చెప్పనక్కర్లేదు. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపడం పిల్లలతో మొదలై పెద్దవాళ్ళకీ అంటుకుంది. మావారు మండపేటలో ఒక రైస్ మిల్లులో గుమస్తా. రోజూ బండి మీద వెళ్ళొస్తారు. ఓ సాయంత్రం "kallu noppi" అని మెసేజి పెట్టారు. పొద్దున్నించీ లారీల దగ్గర నిలబడి ఉంటారు పాపం అనుకుని వేణ్ణీళ్ళు కాచి, గుప్పెడు ఉప్పు వేసి, బకెట్లో పోసి కుర్చీ ముందు పెట్టాను. ఆయన వచ్చి కూర్చుని, బకెట్టు కేసి చూసి, "ఇదేంటోయ్?" అన్నారు. ఆయనకి నొప్పి కళ్ళు. కంప్యూటర్ చూసీ చూసీ మంటలు పుట్టాయట. "కాళ్ళనుకున్నానండి" అన్నాను. "కల్లు అనుకోలేదు, అదే పదివేలు" అన్నారు. ఆ నీళ్ళు చివరికి నా కాళ్ళకే పనికొచ్చాయి.

మా అమ్మాయి దగ్గర ఈ గొడవ ఎత్తితే, "అమ్మా, చదివేవాళ్ళకి అర్థమవుతుందిలే" అనేది. అర్థం కాకపోతే ఏమవుతుందో నీకొక రోజు తెలుస్తుంది అనేదాన్ని నేను. ఆ రోజు వచ్చింది. నేననుకున్నట్టు కాదు, పూర్తిగా ఎదురు తిరిగి వచ్చింది. ఏ తప్పు మీద అన్నేళ్ళు కత్తి కట్టానో ఆ తప్పే నా పిల్లని నా దగ్గరికి చేర్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి పదో తరగతి దాకా మండపేటలోనే చదివింది. అప్పుడు మా కాపురం అక్కడే. ఇంటర్మీడియట్ కోసం రాజమండ్రి మారాం. మారేటప్పుడు సామానంతా లారీలో వచ్చింది కానీ, దాని స్నేహితురాలు ఒక్కతే అక్కడ ఉండిపోయింది. ఆ పిల్ల నాన్న ట్రాక్టరు నడుపుతాడు. సన్నగా పుల్లలా ఉండే పిల్లకి అంత గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు. మనిషి గుమ్మంలోకి రాకముందే "ఆంటీ, ఉన్నారాండీ" అనే కేక వచ్చేది. ఏం అడిగినా "ఆయ్" అంటుంది. మా ఇంట్లో పెరుగన్నంలో మాగాయ టెంక ఎవరిదని వాళ్ళిద్దరూ కొట్టుకునేవాళ్ళు. ఊరు మారాక ఆ కొట్లాటంతా ఫోన్లోకి వెళ్ళింది. వీడియో కాల్ పెట్టుకుని, ఎదురెదురుగా కూర్చున్నట్టు, ఏమీ మాట్లాడకుండా ఎవరి హోంవర్క్ వాళ్ళు చేసుకునేవాళ్ళు. "మాట్లాడనప్పుడు ఆ ఫోనెందుకే?" అని నేను కసురుకునేదాన్ని. "తోడుగా ఉంటుందమ్మా" అనేది మా అమ్మాయి. నాకు అప్పట్లో అది వింతగా ఉండేది.

కొత్త కాలేజీలో క్లాసు పిల్లలంతా కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. లెక్చరర్లు ఉండే గ్రూపు వేరు, ఇది వేరు. దసరా సెలవులు అయ్యేదాకా మా పిల్ల ఆ గ్రూపులో జోకులు నాకు చదివి వినిపించేది. తరవాత మానేసింది. వయసు వస్తున్న పిల్ల, అన్నీ అమ్మకి చెప్తుందా ఏంటి అనుకున్నాను. కాస్త చిక్కింది. చదువు ఒత్తిడి అనుకున్నాను. పొద్దున కట్టిచ్చిన క్యారేజీ సాయంత్రం ఖాళీగానే తిరిగొచ్చేది. క్యారేజీ ఖాళీ అయితే పిల్ల కడుపు నిండినట్టే కదా ఏ తల్లికైనా.

ఆ ఆదివారం మావారు పొద్దున్నే వెళ్ళి రొయ్యలు తెచ్చారు. తేవడం వరకే ఆయన వంతు. పేపరు మొహం మీద కప్పుకుని ముందు గదిలో పడుకున్నారు. నేనూ మా అమ్మాయీ పెరట్లో పీటలు వేసుకుని, మధ్యలో చిల్లుల గిన్నె పెట్టుకుని వలవడానికి కూర్చున్నాం. రొయ్య వలిచి, వీపు చీరి, నల్లటి నరం లాగెయ్యాలి. ఆ పని చేస్తున్నప్పుడు నా మొహం సహజంగానే చిటపటలాడుతూ ఉంటుంది. ఆ వాసన నాకు పడదు, కూర మాత్రం కావాలి. పిల్ల నా మొహంలోకి చూస్తోంది, దించుకుంటోంది, మళ్ళీ చూస్తోంది. చేతిలో రొయ్య అలాగే ఉంది.

"అమ్మా, ఇంక అడిగెయ్" అంది.

"ఏం అడగాలే?"

"పొద్దున్నించీ అలా మొహం పెట్టుకుని కూర్చుంటావేంటి? అది నీకు చెప్పేసింది కదా. తిడితే తిట్టు. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకు."

ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, నాకేమీ తెలీదు. కానీ నేను టీచర్ని. బడిలో ఇలాంటివి చాలా చూశాను. ఎవడో ఒకడు బిక్కమొహం వేసుకుని వచ్చి, "టీచర్, నేను కావాలని చెయ్యలేదండి" అంటాడు. ఏం చేశావురా అని అడిగామా, అక్కడితో నోరు మూసేస్తాడు. ఊఁ అని ఊరుకుంటే మొత్తం చెప్తాడు. అలవాటు కొద్దీ "ఊఁ" అన్నాను. అని, చేతిలో రొయ్య వలుస్తూనే ఉన్నాను.

చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక స్టడీ అవర్లో ఒక రోజు దానికి కునుకు పట్టిందట. నోరు కాస్త తెరుచుకుని ఉంది, పెదవి చివర ఒక మెతుకు అంటుకుని ఉంది. ఎవరో ఫోటో తీశారు. తీసి, చుట్టూ కత్తిరించి, కింద "ఫుల్ మీల్స్" అని రాసి, గ్రూపులో స్టిక్కర్ చేసి పెట్టారు. ఎవరైనా గుడ్ నైట్ చెప్పాలంటే ఆ స్టిక్కరే. ఎవరికైనా మార్కులు తగ్గితే ఆ స్టిక్కరే. ఎవరైనా లేటుగా జవాబిస్తే అదే. పక్క సెక్షన్ వాళ్ళకీ వెళ్ళింది. క్యాంటీన్లో అది క్యారేజీ మూత తీస్తే చాలు, ఎవరో ఒకరు ఫోన్ పైకెత్తి తీస్తున్నట్టు నటిస్తారు.

"నువ్వేమీ అనలేదా?" అన్నాను.

"నవ్వాను. నేను కూడా ఆ స్టిక్కర్ వాడానమ్మా. వాడకపోతే ఫీలయ్యానంటారు."

తన మొహాన్ని తనే పంపుకుని, పక్కన నవ్వుతూ కన్నీళ్ళు కారే బొమ్మ కూడా పెట్టిందట నా పిల్ల. తరవాత మధ్యాహ్నాలు తినడం మానేసింది. అన్నం గేటు దగ్గర కుక్కకి పెట్టి, బెల్లు కొట్టేదాకా బాత్రూమ్ దగ్గర మెట్ల మీద కూర్చునేది. పొద్దున లేవాలంటే ఎందుకు లేవాలో తెలియట్లేదట. చదివితే ఎక్కట్లేదట. "అదే మండపేట దానితో అన్నాను. నేను లేకపోయినా ఎవరికీ ఏమీ తేడా రాదే అన్నాను. ఊరికే అన్నానమ్మా. అది ఏడ్చేసింది. మీ అమ్మకి చెప్పేస్తానంది. చెప్పొద్దని ఎంత బతిమాలానో. అయినా చెప్పేసింది. ఇంక దానితో నేను మాట్లాడను."

నా చేతుల నిండా రొయ్యల పొట్టు, నీచు. పిల్లని దగ్గరికి తీసుకోవాలంటే చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మోచేతులు దాని మెడ చుట్టూ వేసి లాక్కున్నాను. అది తన చేతులు గాల్లోకి ఎత్తి పెట్టుకుని, నా భుజం మీద మొహం ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాకి వచ్చి గిన్నెలోంచి ఒక రొయ్య ఎత్తుకుపోయింది. ఇద్దరం చూశాం, ఎవరమూ అదిలించలేదు.

నాకు కోపం రాలేదని కాదు. విపరీతంగా వచ్చింది. ఆ ఫోటో తీసినవాళ్ళ పేర్లు చెప్పమన్నాను. పొద్దున్నే కాలేజీకి వచ్చి ఒక్కొక్కణ్ణి నిలబెట్టి కడిగేస్తానన్నాను. "నువ్వొస్తే రేపటికి నీ స్టిక్కర్ కూడా వస్తుంది" అంది అది, ముక్కు చీదుకుంటూ. ఆ ఏడుపులో దాని నోటి నుంచి అంత మాట వచ్చినందుకు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

చేతులు కడుక్కున్నాక, "అది నాకు చెప్పిందని నీకెలా తెలుసు?" అని మెల్లగా అడిగాను. ఫోన్ తెచ్చి చూపించింది. పొద్దున మా అమ్మాయి పంపిన మెసేజి: "amma ki cheppava". దాని కింద ఆ పిల్ల జవాబు ఒకే ఒక్క మాట: "cheppanu". ఆ కింద ఇంకేమీ లేదు. మా అమ్మాయి అక్కడితో ఆ పిల్లని బ్లాక్ చేసేసింది.

నేను ఆ మాటని చదివాను. మళ్ళీ చదివాను. మా అమ్మాయి అడిగింది "అమ్మకి చెప్పావా?" అని. ఆ పిల్ల చదువుకున్నది "అమ్మకి చెప్పవా?" అని. చెప్పవు కదూ అని అడుగుతోంది కాబోలు అనుకుని, మాట నిలబెట్టుకునే మనిషిలా "చెప్పను" అంది. మా అమ్మాయి దాన్ని "చెప్పాను" అని చదివింది. ఆ పిల్ల నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ప్రశ్నలోనూ దీర్ఘం లేదు, జవాబులోనూ దీర్ఘం లేదు. బడిలో అయితే రెండింటికీ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టేదాన్ని. ఆ పెరట్లో మాత్రం, తడి చేతులతో ఫోన్ పట్టుకుని, ఆ తప్పుని కళ్ళకద్దుకోవాలనిపించింది. ఆ దీర్ఘం సరిగ్గా పడి ఉంటే నా పిల్ల ఆ రోజు కూడా నా ఎదురుగా కూర్చుని రొయ్యలు వలిచి లేచిపోయేది.

అప్పుడే నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆగాను. నాకేమీ తెలీదని చెప్తే, మోసం చేసి చెప్పించుకున్నావంటుంది. మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపేసుకుంటుంది. చెప్పకపోతే, ఏ పాపమూ ఎరగని పిల్ల మీద నింద అలాగే ఉంటుంది. మావారిని లేపి సంగతంతా చెప్పాను. ఆయన లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. తరవాత, "ముందు డాక్టరు గారికి చూపిద్దాం. ఆ పిల్ల సంగతి రేపు చెప్దువు గాని" అన్నారు. దానవాయిపేటలో పిల్లలతో మాట్లాడే డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారని మా స్కూల్లో ఎవరో చెప్పగా విన్నాను. ఫోన్ చేస్తే మర్నాడు సాయంత్రం రమ్మన్నారు. దాని ఫోన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేద్దామా అని కూడా అనిపించింది. ఆ స్టిక్కర్ ఉన్నది ఆ ఫోన్లోనే. కానీ ఎవరికీ చెప్పుకోలేనిది చెప్పుకోవడానికి దానికి దొరికిన ఒకే ఒక్క మనిషి కూడా ఆ ఫోన్లోనే ఉంది. తాళం వేస్తే ఇద్దరినీ కలిపి వేసినట్టే. అందుకని ముట్టుకోలేదు.

సోమవారం నేను సెలవు పెట్టాను, దాన్ని కాలేజీ మాన్పించాను. నిజం ఎలా మొదలుపెట్టాలా అని పొద్దున్నించీ వంటింట్లో మాటలు కూర్చుకుంటున్నాను. పప్పు పొయ్యి మీద ఉండగా తలుపు చప్పుడైంది. వెళ్ళి తీస్తే గుమ్మంలో మండపేట పిల్ల. కాలేజీ యూనిఫాంలో ఉంది, భుజానికి బ్యాగుంది, మొహం పీక్కుపోయి ఉంది. ఎప్పుడూ వీధి చివర నుంచే వినిపించే గొంతు ఆ వేళ అసలు వినిపించలేదు.

"ఏంటమ్మా, ఒక్కదానివే వచ్చావా? ఇంట్లో చెప్పావా?"

"లేదండి. కాలేజీకని బయల్దేరి ఇటు బస్సెక్కేశానండి. ఆంటీ, మీకో విషయం చెప్పాలండి. చెప్పాక మీరు నన్ను తిట్టండి, పర్లేదు. ముందు వినండి."

లోపలికి రమ్మన్నా రాలేదు. చెప్పులు కూడా విప్పలేదు. విప్పితే ధైర్యం పోతుందనుకుందేమో. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పింది. స్టిక్కరు, క్యారేజీ, కుక్క, మెట్లు, అన్నీ. నాకు తెలిసిన సంగతే. అయినా మధ్యలో ఆపలేదు. అంత దూరం మోసుకొచ్చిన మాటలు, దింపుకోనివ్వాలి కదా అనిపించింది.

"లేకపోయినా తేడా రాదంటోందండి అది. మీకు చెప్పను అని దానికి మాటిచ్చానండి. నిన్న పొద్దున్న కూడా అడిగింది, చెప్పను అనే అన్నాను. అన్న వెంటనే నన్ను బ్లాక్ చేసేసింది. ఎందుకు చేసిందో తెలీదండి. ఫోన్ చేస్తే వెళ్ళట్లేదు. నాకు భయమేసిందండి, అందుకని వచ్చేశాను."

వెనకాల అలికిడైతే తిరిగి చూశాను. గది గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది.

"చెప్పానన్నావుగా నువ్వు" అంది.

"చెప్పననే కదే అన్నాను."

"చెప్పాను అని పెట్టావ్."

"చెప్పను అనే పెట్టాను. కావాలంటే చూడు."

ఇద్దరూ ఫోన్లు తీశారు. ఒకే మాటని ఇది ఒకలా చదివింది, అది ఇంకోలా చదివింది. చదివి, ఇద్దరూ తలలెత్తి నావైపు చూశారు. తెలుగు టీచర్ని కదా, తీర్పు చెప్పాలి. "రెండూ కరెక్టే" అన్నాను. ఉద్యోగంలో చేరాక అలాంటి మాట నేను అనడం అదే మొదలు.

మా అమ్మాయికి అప్పుడు వెలిగింది. "అయితే నిన్న నీకేమీ తెలీదా అమ్మా?"

"తెలీదు."

"మరి ఊఁ అన్నావేంటి?"

"ఊఁ అంటే వింటున్నానని."

మొహం ఎర్రగా చేసుకుంది. "ఛీ, నువ్వు టీచర్ బుద్ధి చూపించావు" అంది. తలుపేసుకుంటుందనుకున్నాను. వేసుకోలేదు. గుమ్మంలో ఉన్నదాని చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, "చెప్పులిప్పవే, మా అమ్మ ఇప్పుడే తుడిచింది" అంది. ఆ పిల్ల చెప్పులిప్పింది. నేను వంటింట్లోకి పరిగెత్తాను, పప్పు అడుగంటింది. ఆ మాడు పప్పే ముగ్గురం తిన్నాం. మా అమ్మాయి చాలా కొంచెం తింది. కంచం ముందు కూర్చోవడానికి దానికి ఎంత కష్టంగా ఉందో అప్పుడు నా కళ్ళతో చూశాను. స్నేహితురాలు మాత్రం దాని కంచం కేసి చూడకుండా, వాళ్ళ ఊరి కబుర్లేవో చెప్తూ, తనది తను తింటూ కూర్చుంది. అంత తెలివి నాకు లేదు. నేనైతే ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని వెంటపడేదాన్ని.

ఆ తరవాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. డాక్టరమ్మ గారు దానితో చాలాసార్లు మాట్లాడారు. మాతోనూ మాట్లాడారు. కంచం దగ్గర తిండి గురించి ఎత్తొద్దని నాకు గట్టిగా చెప్పారు, అది నాకు పెద్ద శిక్ష. కాలేజీకి నేను కాకుండా మావారు వెళ్ళారు. ఆయనకి కోపం రాదు కనక. ప్రిన్సిపాల్ గారు మంచాయన, పిల్లలందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు, ఆ స్టిక్కర్ తీయించారు. ఎవరు చేశారో మా అమ్మాయి ఇప్పటికీ నాకు చెప్పలేదు. ఒకమ్మాయి మాత్రం ఒకరోజు తన క్యారేజీ పట్టుకుని వచ్చి దీని పక్కన కూర్చుందట, ఏమీ అనకుండా. అన్నీ ఒక్కసారిగా బాగుపడలేదు. మంచి రోజులు ఉన్నాయి, దుప్పటి తీయని పొద్దులు ఉన్నాయి. ఇప్పుడు సాయంత్రం వచ్చి క్యారేజీలో కూర బాలేదని నాతో పోట్లాడుతోంది. ఆ పోట్లాట నాకు పండగలా ఉంటుంది. వీడియో కాల్‌లో ఇద్దరూ మాట్లాడకుండా కూర్చుంటే ఇప్పుడు కసరను. మధ్యలో వెళ్ళి ఫోన్లో ఆ పిల్లని "తిన్నావా?" అని అడిగి వస్తాను. "ఆయ్, తిన్నానండి" అంటుంది.

నేను ఎంతమందికి దణ్ణం పెట్టాలో లెక్క తేలదు. డాక్టరమ్మ గారికి పెట్టాలి, మావారి శాంతానికి పెట్టాలి. కానీ ఆ సోమవారం సాయంత్రం రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండులో జరిగింది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ చేస్తున్న పని ఆపి కూర్చుండిపోతాను.

ఆ పిల్ల వాళ్ళమ్మకి నేనే ఫోన్ చేసి, మా ఇంట్లో ఉందని, నేనే బస్సెక్కిస్తానని చెప్పాను. డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళే ముందు ముగ్గురం బస్టాండుకి వెళ్ళాం. మండపేట బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మా అమ్మాయి దానికి వేరుశెనక్కాయలు కొనడానికి బండి దగ్గరికి వెళ్ళింది. నేను కింద కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల ఊచల్లోంచి కిందికి వంగి, మా అమ్మాయి ఎంత దూరంలో ఉందో చూసుకుని, "ఆంటీ, ఒకటడగనాండీ?" అంది.

"అడుగమ్మా."

"మొన్న శనివారం అది వీడియో కాల్‌లో నా చేత ఒట్టేయించుకుందండి. మీకు చెప్పనని. ఫోన్లో కనపడుతోంది కదండీ, దాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యమంది. స్క్రీన్ మీద చెయ్యి పెట్టి వేశానండి." మళ్ళీ ఒకసారి బండి వైపు చూసుకుంది. "తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ మనిషికి ఏదో అయిపోతుందంటారు కదండీ. మీకు చెప్తే దానికేమవుతుందోనని భయం. చెప్పకపోతే ఏం చేసుకుంటుందోనని భయం. బస్సులో వస్తున్నంతసేపూ అదేనండి. ఫోన్ మీద వేసిన ఒట్టు తగులుతుందాండీ?"

క్లాసులో ఎవరైనా అడిగి ఉంటే ఇవన్నీ మూఢనమ్మకాలు అని పాఠం చెప్పేదాన్ని. ఆ పిల్లకి చెప్పలేకపోయాను. నా కూతురి ప్రాణాన్ని చేతిలో పెట్టుకుని, ఏది చేసినా దానికి ప్రమాదమే అని నమ్ముతూ, అంత దూరం వచ్చింది ఆ పిల్ల. కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి దాని తల మీద వేశాను.

"తగలదమ్మా" అన్నాను.

"నిజంగానాండీ?"

"దాన్ని కన్నదాన్ని నేను. ఆ ఒట్టు నేను తీసేశాను. ఇంక నీ మీదా లేదు, దాని మీదా లేదు."

పొద్దున్నించీ ఒక్క చుక్క రాల్చని పిల్ల అప్పుడు ఏడ్చింది, చిన్నపిల్లలా, వెక్కి వెక్కి. బస్సు కదిలింది. మా అమ్మాయి పొట్లం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి దాని చేతిలో పెట్టి, "ఎందుకే ఏడుస్తున్నావ్, రాత్రికి కాల్ చేస్తాగా" అంది.